కొండవీటి కత్తుల బావి

సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాదునుంచి వచ్చాడు. వస్తూ తల్లికి చీర, నాకు శాలువా, తనకోసం చేతిసంచీ నిండా పాచికలు తెచ్చుకున్నాడు. పాచికలంటే మనం పచ్చీసుకు వాడే పాచికలు కావు. నాలుగు ముఖాలది ఒకటి, ఎనిమిది ముఖాలది ఒకటి, పన్నెండు ముఖాలది ఒకటి, రేగిపండంత ఉండి ఇరవై ముఖాలున్నది ఇంకొకటి! అది అరుగుమీద గడగడా దొర్లుతుంటే మా చెల్లెలు నన్ను పెరట్లోకి పిలిచి, "అన్నయ్యా, వీడికి ముప్ఫై నిండుతున్నాయి. ఇప్పుడు జూదం పట్టుకున్నాడు. నువ్వు కాస్త మందలించు," అని కళ్ళు వొత్తుకుంది.

మందలించటం నాకు చేతకాని పనేమీ కాదు. ముప్ఫై మూడేళ్ళు బళ్ళో ఆ పనే చేసి రిటైరయ్యాను. ఆ సాయంత్రం వాణ్ణి అరుగుమీద కూచోబెట్టి, "ఏమిట్రా ఇది?" అన్నాను. వాడు చెప్పటం మొదలుపెట్టాడు. తీరా అంతా విన్నాక, మందలించవలసిన సంగతే మరిచిపోయాను.

అది జూదం కాదు. అందులో డబ్బు లేదు. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని మూడు చిన్న పుస్తకాలుగా బయటపెట్టారు. నలుగురైదుగురు బల్లచుట్టూ కూచుంటారు. ఒకడు కథ నడుపుతాడు. తక్కినవాళ్ళు తలా ఒక వీరుణ్ణి కల్పించుకుంటారు. నడిపేవాడు, "మీ ఎదుట రాతితలుపు ఉంది. కింది సందులోంచి చల్లటి గాలి వస్తోంది. ఏం చేస్తారు?" అంటాడు. ఒకడు తోస్తానంటాడు. ఒకడు చెవి ఆనించి వింటానంటాడు. ఇది జరుగుతుందా లేదా అని సందేహం వచ్చినచోట పాచిక వేసి తేల్చుకుంటారు. అంతే ఆట. నడిపేవాడికి మాత్రం చాకిరీ ఉంది. ముందుగానే నేలమాళిగలు గీసుకోవాలి. ఏ గదిలో ఏ రాక్షసి ఉందో, ఏ మెట్టుకింద ఏ ఉచ్చు ఉందో, దాన్నుంచి తప్పించుకునే దారేదో అన్నీ కట్టుకోవాలి. మా వాడు అయిదేళ్ళుగా చేస్తున్నది ఆ చాకిరీయే.

"ఒరే, ఇది మన చందమామ సీరియలే కదరా!" అన్నాను.

నా చిన్నతనంలో చందమామ ఇంటికి వస్తే ముందు సీరియల్ చదివి ఆ తరవాతే అన్నం తినేవాళ్ళం. 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' అన్న పేర్లు వింటే ఈ వయస్సులో కూడా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అవి రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారు. ఆయనది మా గుంటూరు సీమలోని తెనాలి ప్రాంతమే. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి ఏళ్ళతరబడి తెలుగు పిల్లలకు కొండలూ, గుహలూ, మాంత్రికులూ, రాక్షసులూ కట్టిపెట్టారు. సీరియల్ మీద ఆయన పేరు ఉండేది కాదు. చిత్రా వేసిన బొమ్మలు చూస్తూ, వీరుడు లోయ అంచున వేలాడుతుండగా కథ ఆగిపోతే, నెలరోజులపాటు బళ్ళో మేమే వాణ్ణి పైకి లాగే ఉపాయాలు పన్నేవాళ్ళం. ఆయన 2010లో పోయారు. చందమామ కూడా ఇప్పుడు రావటంలేదు. కాని మా అరుగుమీద దొర్లుతున్నది ఆ విత్తనం లాంటిదే.

మా వాడు నవ్వలేదు. "మామయ్యా, ఒక సంగతి చెప్పాలి," అన్నాడు.

వాళ్ళు నలుగురు. గుంటూరులో ఒకే బెంచీమీద చదువుకున్నారు. ఒకడు డల్లాసులో ఉన్నాడు, ఒకడు పూనాలో, వీడు హైదరాబాదులో. నాలుగోవాడు ఊళ్ళోనే ఉండి మిరపా, పత్తీ సాగుచేస్తున్నాడు. శనివారం రాత్రి నలుగురూ తెరలమీద ముఖాలు చూసుకుంటూ ఆడుకుంటారు. ఆ అయిదేళ్ళూ రైతు మిత్రుడు ఒక్క వీరుణ్ణే సాకుతూ వచ్చాడు.

"కిందటి నెల ఒక ఉచ్చు పెట్టాను మామయ్యా. నడవాలో ఒక రాతిపలక. పైకి ఏమీ తెలియదు. కాలు పెడితే పాతాళమే. వాడు కాలు పెట్టాడు, వాడి వీరుడు పోయాడు. 'సరే' అని తెర ఆపేశాడు. ఆ తరవాత రాలేదు. ఫోను చేస్తే పొలంపని ఉందంటాడు. ఆటే కదా! ఇంకో వీరుణ్ణి రాసుకోవచ్చు. అంత కోపమెందుకో నాకు బోధపడటంలేదు. వాణ్ణి మళ్ళీ పిలవటానికి కొత్త కథ కడుతున్నాను. మన ప్రాంతపు కోటనే పెడదామని ఉంది."

"కొండవీడు చూశావా?"

"బొమ్మల్లో చూశాను."

"అయితే పద," అన్నాను.

కనుమనాడు కాకి కూడా కదలదంటారు గనక, ఆ మర్నాడు బయల్దేరాం. గుంటూరు దాటి నరసరావుపేట దారిన పేరేచెర్ల, ఫిరంగిపురం మీదుగా పోతుంటే రెండువైపులా నల్లరేగడి. ఒక చెక్కలో మిరప, మరో చెక్కలో పత్తి. మిరపచేలల్లో తొలికోత కాయ ఎరుపెక్కుతోంది. పత్తిచేలు ఆఖరి తీతకు వచ్చి, ఎండిన మోళ్ళమీద అక్కడక్కడా తెల్లటి దూది మిగిలి ఉంది. ఆడవాళ్ళు నడుముకు కట్టుకున్న ఒళ్ళల్లోకి దూది తీస్తున్నారు. పడమట నీలంగా కొండవీటి కొండల వరస.

దారిలో రాక్షసుల మాట వచ్చింది. 1977లో అచ్చయిన ఆ ఆటతాలూకు రాక్షసుల పుస్తకంలో మన రాక్షసుడు కూడా ఉన్నాడట! పేరు 'రాక్షస' అనే వేశారట. పులితల, అరచేతులు వెనక్కి తిరిగి ఉంటాయి, మంత్రించిన బాణంతో కొడితే చస్తాడు. నాకు నచ్చలేదు. "మన మాయలఫకీరు ప్రాణం అతని ఒంట్లోనే లేదుగదరా, చిలకలో ఉంది. ఎంతటి బలశాలి అయినా కత్తి దూసి గెలవలేడు. అడిగి, తెలుసుకుని, వెతికి గెలవాలి. బాలనాగమ్మ కథ కట్టిన వాళ్ళకు ఆ కిటుకు తెలుసు," అన్నాను. మా వాడు బండి నడుపుతూనే, "ప్రాణం ఎక్కడుందో తెలిసే దారి ఉండాలి," అని రెండుసార్లు తనలో అనుకున్నాడు.

కొండమీదికి ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని మూడు చెరువులు. ఎండాకాలంలో కింద రేగడి నెర్రెలు విచ్చినా, పైన దండుకు నీళ్ళుండాలని కట్టుకున్న ఏర్పాటు. రెడ్డిరాజుల మొదటి కాపురం అద్దంకి. ప్రోలయ వేమారెడ్డి అక్కణ్ణుంచి ఏలాడు. అతని కొడుకు అనవోతారెడ్డి రాజధానిని ఈ కొండకు మార్చాడు. పెదకోమటి వేమారెడ్డి (1402-1420) కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది ఇక్కడే. కొలేపల్లి దర్వాజా, నాదెండ్ల దర్వాజా అని రెండు ద్వారాలు. పెద్ద పెద్ద రాళ్ళు పేర్చి నిలిపినవి.

మా వాడు గోడవెంట నడుస్తూ కాయితంమీద గీసుకుంటున్నాడు. ఇంజనీరు గదా, వాడి చూపే వేరు. "చూడు మామయ్యా, కింది నుంచి వచ్చేవాడు ఇక్కడికి వచ్చేసరికి రొప్పుతుంటాడు. పైవాడు బురుజుమీద నీడలో కూచుని ఉంటాడు. కోట కట్టటమంటే రాళ్ళు పేర్చటం కాదు, శత్రువు ఎక్కడ అలుస్తాడో ముందే తెలుసుకోవటం. నేను కాయితంమీద చేసేదీ ఇదే," అన్నాడు. ఈ కోటను 1515లో కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి తీసుకున్నాడు. గోడలు ఎంత ఎత్తున్నా ఓర్పుగలవాడు కిందే కూచుంటే ఏదో ఒకనాడు కోట లొంగక తప్పదని నేను పంతులు బుద్ధి పోనిచ్చుకోక చెప్పాను.

కొండ దిగువన గోపీనాథస్వామి ఆలయం ఉంది. జనం దాన్ని కత్తుల బావి గుడి అనే పిలుస్తారు. రాతిస్తంభాల నడుమ పట్టపగలే మసకచీకటి. గుడి బయట ఎండలో కూచున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, అడక్కుండానే కథ అందుకున్నాడు.

"డెబ్భైరెండుగురు రెడ్డి దొరలు బాబూ. మహా మొనగాళ్ళు. వాళ్ళని పోట్లాడి గెలిచేదెట్లా? అందుకని గుడి కట్టి, స్వామి దర్శనానికి రండని పిలిచారు. లోపల ఇరుకు, ఒక్కొక్కళ్ళే వెళ్ళాలన్నారు. లోపల బావి. బావి నిండా కత్తులు నిలబెట్టి ఉంచారు. ఒక్కొక్కళ్ళే వెళ్ళారు. ఒక్కళ్ళూ రాలా."

"ఒక్కడికీ అనుమానం రాలేదా తాతా?" అన్నాడు మా వాడు.

పెద్దాయన వాణ్ణి జాలిగా చూశాడు. "దేవుడి గుళ్ళోకి పొమ్మంటే అనుమానం ఎందుకొస్తది అబ్బాయ్?"

ఇది జరిగిన చరిత్ర అని నేను చెప్పను. ఈ కథ ఒక్కొక్కరి నోట ఒక్కొక్క తీరుగా వినిపిస్తుంది. కొందరు రాయల కాలానికి ముడిపెడతారు. రాయలు కోట పట్టేనాటికి కొండవీటి రెడ్డిరాజ్యం పోయి తొంభై ఏళ్ళు కావస్తోంది. ఆయన ఇక్కడ పోరాడింది గజపతులతో. అయినా కథ మాత్రం చావలేదు. రాజులు పోయారు, గోడలు కూలాయి, కత్తులు లేని కత్తుల బావి ఇంకా జనాన్ని భయపెడుతూనే ఉంది.

మా వాడు స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాడు. కాసేపటికి, "మామయ్యా, ఇట్లాంటిదే ఆటలో కూడా ఒకటి ఉంది," అన్నాడు. ఆ గైగాక్స్ 1975లో ఒక ఆటల సభకోసం ఒక సమాధి కట్టాడట. 1978లో అది పుస్తకంగా అచ్చయింది. అందులో గోడమీద ఒక పచ్చటి భూతం ముఖం, తెరిచిన నోరు, నోటినిండా కటిక చీకటి. అది దారి కాబోలుననుకుని ఒకడు దూరతాడు. వాడి జాడ లేదు. వాణ్ణి వెతకటానికి ఇంకొకడు దూరతాడు. ఆ నోట్లో పడ్డవాడు మళ్ళీ లేడు. లోకమంతా ఆ ఉచ్చును తిట్టుకుంటుంది, చెప్పుకుంటూ కూడా ఉంటుంది.

"అచ్చం కత్తుల బావే!" అన్నాను.

"కాదు మామయ్యా. అక్కడ నడవా నేలమీద రాతి చెక్కుడులో ఒక సందేశం దాచి ఉంటుంది. ఎట్లా వెళ్ళాలో పొడుపుకథలాగా చెబుతుంది. చదివే ఓపిక ఉన్నవాడికి ఉంది. ఇక్కడ ఏమీ లేదు." వాడి ముఖం చిన్నబోయింది. "నా పలకమీద కూడా ఏమీ లేదు."

రైతు మిత్రుడి ఊరు అక్కడికి అరగంట ప్రయాణం. పోదామా అన్నాను. మొదట వద్దన్నాడు. తరవాత తనే బండి అటు తిప్పాడు.

ఆ అబ్బాయి పొలంలోనే ఉన్నాడు. మమ్మల్ని చూసి, "నమస్కారమండీ మామయ్యగారూ," అని నాతో అని, మా వాడితో "రారా" అని ఊరుకున్నాడు. ఆ "రారా"లో కోపం లేదు, ఆదరమూ అంతంతమాత్రమే. మిరపచేలో కర్రలకు నీలం రంగు అట్టలు కట్టి ఉన్నాయి. పక్క పత్తిచేలో ప్లాస్టిక్ సంచీ వేలాడుతున్న చిన్న గరాటుల్లాంటివి ఉన్నాయి. ఏదో ఒకటి మాట్లాడాలి గనక, అవేమిటని అడిగాను.

"ఉచ్చులేనండీ," అన్నాడు నవ్వుతూ. "నీలం అట్టకు జిగురు ఉంటుంది. తామరపురుగు ఆ రంగు చూసి వచ్చి అంటుకుంటుంది. అవి లింగాకర్షక బుట్టలు. లోపల ఆడపురుగు వాసన వేసే బిళ్ళ ఉంటుంది. మగ రెక్కలపురుగులు వచ్చి సంచీలో పడతాయి. గులాబీరంగు పురుగు కోసం."

"వీటితో పురుగంతా చస్తుందా?"

"ఎక్కడ చస్తుందండీ! ఈ బుట్ట చంపటానికి కాదు, చెప్పటానికి. ఆ పురుగు కాయలోపల ఉంటుంది. బయటికి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. పగిలినాక చూస్తే లోపల దూది ఉండదు. అందుకని రోజూ పొద్దున్నే సంచీ విప్పి లెక్క పెట్టుకుంటాం. వరసగా మూడురోజులు బుట్టకు ఎనిమిదేసి పడ్డాయంటే, వచ్చేసిందని గుర్తు. అప్పుడు మందు కొట్టాలి."

మా వాడు వంగి బుట్టను చూస్తున్నాడు. ఆ అబ్బాయి ఒక మిరపపువ్వు కోసి నా అరచేతిలో పెట్టాడు.

"2021లో వచ్చిందండీ, నల్ల తామరపురుగు. అంతకుముందు మా చేలల్లో దాన్ని ఎరగం. పువ్వులో దాక్కుంటుంది. నల్లటి నలుసులాగా ఉంటుంది. ఇంతంత రాక్షసులను వీడు కడతాడు గాని, నా రాక్షసి గోరుమీద పడుతుంది. చేను పచ్చగానే ఉంది. చూస్తుండగానే ఆకు ముడుచుకుంది, పూత రాలింది. తెలిసిన మందులన్నీ కొట్టాను. చివరికి కాయ లేని మొక్కలు పీకి దున్నేశాను. కౌలు మాత్రం కట్టాలిగా."

అది ఆ యేడు గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరపరైతులు అందరూ పడ్డ పాటే. యార్డుకు రావలసిన కాయ చేలల్లోనే పోయింది.

మా వాడు తలెత్తకుండానే, "నాకు చెప్పలేదేం?" అన్నాడు.

"చెప్పి ఏం చేసేది? శనివారం రాత్రి రెండు గంటలు అది మరిచిపోవటానికే కదరా నేను వచ్చేది. అక్కడ ఒక న్యాయం ఉండేది. చూసి అడుగేస్తే బతుకుతాం, చూడకపోతే చస్తాం. చచ్చినా నా తప్పే అనుకుంటే నిద్ర పడుతుంది. నాకు గెలుపు అక్కర్లేదు. చచ్చేముందు ఒక్క గుర్తు కనబడాలి. నువ్వు దాన్ని కూడా పొలం చేసి పెట్టావు."

నేను ముప్ఫై మూడేళ్ళు పాఠాలు చెప్పాను. పరీక్షలో చెప్పని పాఠంలోంచి ప్రశ్న ఇచ్చి, పిల్లలు గుడ్లు తేలవేస్తే నాలో నేను గర్వపడ్డ రోజులు కూడా ఉన్నాయి. ఆ చేలగట్టుమీద అవి గుర్తుకొచ్చి సిగ్గేసింది.

మా వాడు క్షమించమనలేదు. ఆ వయస్సు మగపిల్లలు అట్లాంటి మాటలు అనలేరు. సంచీలోంచి కాయితం తీసి గట్టుమీద పరిచాడు. "ఇది కొండవీడు. ఇది కత్తుల బావి. ఎట్లా పెట్టాలో నాకు తోచటంలేదు. నువ్వు చెప్పు," అన్నాడు.

ఆ అబ్బాయి చేతులు తువ్వాలుకు తుడుచుకుని చాలాసేపు చూశాడు. "గుడిముందు ఏముంది?"

"ఏమీ లేదు. చీకటి."

"చెప్పులు పెట్టు."

"చెప్పులేమిటిరా?"

"గుళ్ళోకి పోయేవాడు చెప్పులు బయట విడుస్తాడు. దర్శనం చేసుకున్నవాడు తొడుక్కుని పోతాడు. లోపల సద్దు లేదు, మనిషి అలికిడి లేదు, బయట మాత్రం డెబ్భై జతల చెప్పులు ఉన్నాయి. కళ్ళున్నవాడికి అది చాలు."

మా వాడు వాడి భుజంమీద ఒక గుద్దు గుద్దాడు. వాడు తిరిగి రెండు గుద్దాడు. నేను మిరపచేను వంక తిరిగి, కారం ఘాటు కళ్ళకు తగిలినట్టు కళ్ళజోడు తుడుచుకున్నాను.

ఇంటికి వచ్చాక మా చెల్లెలు, "మందలించావా?" అని అడిగింది. మందలింపు జరిగిందనీ, మందలించింది నేను కాదనీ చెప్పాను.

ఆ శనివారం రాత్రి నలుగురూ తెరమీదికి వచ్చారు. నన్ను కూడా ఆటలోకి లాగి, మీసాలున్న ఒక ముసలి వీరుణ్ణి ఇచ్చారు. మూడు చెరువులు దాటాం, దర్వాజాలో ఒక రాక్షసిని మాటలతో ఏమార్చాం. నా పాచిక బాగా పడుతోంది. మంచి ఊపుమీద ఉన్నాను. మా వాడు గొంతు తగ్గించి చెప్పాడు:

"ఎదుట గుడి. లోపల దీపం వెలుగుతోంది. గుమ్మం ముందు బారులు తీరి చెప్పులు ఉన్నాయి. కొన్నిటిమీద దుమ్ము పేరుకుంది. ఏం చేస్తారు?"

ఆ సలహా పుట్టినప్పుడు గట్టుమీద స్వయంగా నిలబడి ఉన్నవాణ్ణి నేను. అయినా ఏం చెప్పను? ఇందరు భక్తులు వచ్చారంటే స్వామి మహిమగలవాడే అనుకుని, ఆ వరస చివర నా చెప్పులు కూడా విడిచి, దణ్ణం పెట్టుకుంటూ లోపలికి నడిచాను.

తెరమీద ముగ్గురూ "మామయ్యా!" అని ఒక్కసారిగా కేకపెట్టారు. నా వీరుడు కత్తుల బావిలో పడ్డాడు.

అందరికంటే పెద్దగా నవ్వింది ఆ రైతు అబ్బాయే. నాకు కోపం రాలేదు. చెప్పులు అక్కడే ఉన్నాయి. దుమ్ము సంగతి కూడా వాడు చెప్పాడు. వినిపించుకోనిది నేనే. కాయితం తెమ్మని, ఇంకొక వీరుణ్ణి రాయటం మొదలుపెట్టాను. వీడు మాత్రం ఏ గుడికి వెళ్ళినా ముందు చెప్పులు లెక్క పెడతాడు.